బల్ల మీద చోటు

మా ఫ్యాక్టరీలో గేటు దాటి లోపలికొస్తే ఎవరికైనా చేసే పనే పేరు. అచ్చులు పోసేవాడు అచ్చు, బండి తోసేవాడు బండి, తయారైన సరుకుని అట్టపెట్టెల్లో సర్దుతాను కాబట్టి నేను ప్యాకింగు. బజార్లో ఎవరైనా నన్ను అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని నా దారిన నేను పోయేదాన్ని. మా యూనియన్ నడిపే ఆయన పనిచేసేది బట్టీ దగ్గర. కానీ ఆయన్ని బట్టీ అని ఎవరూ అనలేదు. సెక్రెటరీ అనేవాళ్ళం. యూనియన్ సెక్రెటరీగా ఒకసారి ఎన్నికయ్యాక ఆయనకి పోటీగా ఇంకెవరూ నిలబడలేదు. నిలబడితే మేం ఊరుకునేవాళ్ళం కాదు కూడా.

సన్నగా, పొడుగ్గా, బట్టీ వేడికి మొహం కమిలిపోయి ఉండేవాడు. గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మేనేజరుతో అయినా, టీ కొట్టువాడితో అయినా ఒకటే గొంతు. ఇంట్లో ఆయన భార్యకి, అంటే మా అందరి వదినకి మాత్రం ఆ నిదానం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది. "సెక్రెటరీ గారూ, పంపు కారుతోంది. తమరు బాగు చేయిస్తారా, లేకపోతే మీటింగు పెట్టి తీర్మానం చేయమంటారా?" అనేది. ఆయన నవ్వి, లేచి వెళ్ళి పంపుకి గుడ్డ చుట్టి వచ్చేవాడు. ఆ గుడ్డ అలాగే ఉండిపోయేది. ఊళ్ళోవాళ్ళ పనులన్నీ చేసిపెట్టి తన ఇంటి పంపు బాగు చేసుకోలేని మనిషి.

మేం చేసేది చేతులు కడుక్కునే బేసిన్లు. మట్టిని నీళ్ళలో చిక్కగా కలిపి అచ్చుల్లో పోస్తారు. గట్టిపడ్డాక అచ్చు విప్పి ఆరబెడతారు. ఆరిన బేసిన్ అంచులు బొడిపెలు బొడిపెలుగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది వాటిని నున్నగా చేశాకే రంగు పూసి బట్టీకి పంపాలి. ఆ రుద్దే చోటుని రుద్దుడు షెడ్డు అంటాం. అక్కడ ఉండేది ఎక్కువగా ఆడవాళ్ళే. రుద్దుతుంటే తెల్లటి పొడి లేచి గాల్లోనే తేలుతూ ఉంటుంది. కనురెప్పల మీద, చెవుల వెనక, డబ్బా మూత తీస్తే భోజనంలో కూడా అదే పొడి. పెళ్ళికాని పిల్ల లోపలికెళ్ళి సాయంత్రానికి ముసలమ్మలా బయటికొచ్చేది. అద్దం చూసుకుని నవ్వుకునేవాళ్ళు. ముక్కుకి గుడ్డ కట్టుకునేవాళ్ళు, గుడ్డ తడిస్తే ఊపిరాడక తీసేసేవాళ్ళు. పొడిని పీల్చేసే యంత్రాలు పెట్టండని సెక్రెటరీ అడిగినప్పుడల్లా మేనేజరుది ఒకటే మాట: "చిన్నపిల్లలు మట్టి తిని బతకడం లేదూ? పెద్దవాళ్ళకేమవుతుందయ్యా!" అదొక హాస్యం ఆయనకి.

ఆ షెడ్డులో పనిచేసిన కొద్దిమంది మగవాళ్ళలో ఒకడు సెక్రెటరీకి ప్రాణస్నేహితుడు. దగ్గీ దగ్గీ ఇక నిలబడలేక పని మానేశాడు, కొన్నాళ్ళకి పోయాడు. అతని భార్య రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేది, ఏదో ఒక పని ఇప్పించమని. వాచ్‌మన్ తరిమితే నాలుగడుగులు వెనక్కి వేసి, అతను అటు తిరగగానే మళ్ళీ ముందుకొచ్చేది. అది చూసి సెక్రెటరీ బట్టీ ఆపించాడు. బట్టీ ఒకసారి చల్లారితే మళ్ళీ వేడెక్కించడానికి కంపెనీకి తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే దిగొచ్చారు. జబ్బుపడి పని మానేసిన మనిషి ఇంట్లోంచి ఒకరికి అదే పని ఇస్తామని ఒప్పుకున్నారు. ఖాళీ అయిన చోటులోనే, ఇంకో చోట కాదు. ఆ మెలిక అప్పుడు ఎవరికీ పెద్దగా కనబడలేదు. పని దొరికింది, అంతే చాలు.

ఇక యూనియన్‌లో మెంబరుగా చేరే సంగతి. ఇంటికి ఒక్కటే చోటు అని మేమే రూలు పెట్టుకున్నాం, పెద్ద కుటుంబాలవాళ్ళంతా చేరి యూనియన్ని తమ జేబులో వేసుకోకుండా. కాబట్టి వెళ్ళిపోయేవాళ్ళు తమ చోటు కూడా వచ్చేవాళ్ళకి ఇచ్చి వెళ్ళాలి.

దానికి సెక్రెటరీ ఒక పద్ధతి పెట్టాడు. సైకిల్ స్టాండు వెనక రేకుల గదే మా యూనియన్ ఆఫీసు. అందులో గోడ పొడుగునా ఒక చెక్కబల్ల, ఒక టేబులు, తిరిగేటప్పుడు మూలిగే ఫ్యాను, సొట్టలు పడ్డ టీ కెటిలు. పని మానేస్తున్న మనిషి చివరిసారి ఆ బల్ల మీద కూర్చోవాలి. కొత్తగా వచ్చే కొడుకో, కోడలో, భార్యో ఎదురుగా నిలబడాలి. కూర్చున్నవాళ్ళు లేచి, తమ వాళ్ళని చెయ్యి పట్టుకుని అదే చోట కూర్చోబెట్టాలి. సెక్రెటరీ వాళ్ళ భుజం మీద చెయ్యేసి, "ఈ చోటు ఇప్పట్నుంచి నీది. మేమంతా నీ పక్కనే ఉన్నాం" అనేవాడు. అందరం టీ తాగేవాళ్ళం. అంతే తంతు. కానీ నేను ఎన్ని చూశానో, చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేదాన్ని. దేనికీ కదలని అచ్చుల మేస్త్రి కూడా ముక్కు చీదుకునే నెపంతో బయటికెళ్ళేవాడు. మాలాంటి వాళ్ళకి ఇంట్లోవాళ్ళకి ఇచ్చిపోవడానికి ఏముంటుంది? ఆ చోటు ఒకటి ఉందని మాకు కొండంత ధైర్యం.

సెక్రెటరీ చెల్లెలు రుద్దుడు షెడ్డులోనే పని. అన్నకి పూర్తిగా ఎదురు మనిషి. నోరు విప్పితే ఆగేది కాదు. మొగుడు చిన్నతనంలోనే పోతే కూతుర్ని ఒక్క చేత్తో పెంచింది. షెడ్డులో పాటలు పాడేది, పక్కవాళ్ళని వేళాకోళం చేసేది. "ఈ బేసిన్లో మొహం కడుక్కునే మహారాజుకి తెలుసా, దీన్ని ముందు నా చెమటతో కడిగానని?" అని నవ్వించేది. ముందు పాటలు ఆగిపోయాయి, ఊపిరి చాలక. తరవాత మాటల మధ్య ఆగడం మొదలైంది. మెట్లెక్కలేకపోయేది. గిన్నె ఎత్తి దించి గోడకి ఆనుకునేది. ఇక పని కాదని అందరికీ తెలిసిపోయింది.

కూతురు ఫొటో స్టూడియోలో పటాలు కట్టే పనిలో ఉండేది. అద్దం కోయడం, చట్రం బిగించడం. ఆ పని ఆ పిల్లకి ఇష్టం. చిన్న కొట్టు, చిన్న పని. దాంతో ఇద్దరికీ గడవదు.

"అన్నయ్యా, దాన్ని నా చోట్లో కూర్చోబెట్టు" అంది తల్లి.

"వద్దులేమ్మా. ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు సెక్రెటరీ. మొట్టమొదటిసారి ఆయన ఆ పద్ధతికి వెనకాడటం చూశాను.

"ఊళ్ళోవాళ్ళందరికీ ఇప్పించావు. నీ మేనకోడలికి మాత్రం చేతులు రావడం లేదా?" అని ఒంటికాలి మీద లేచింది. లేచి, దగ్గు ముంచుకొచ్చి మళ్ళీ కూర్చుంది.

చివరికి యూనియన్ ఆఫీసులో ఆ తంతు పెట్టించాడు. తల్లి బల్ల మీంచి లేచింది. పిల్ల కూర్చుంది. సెక్రెటరీ భుజం మీద చెయ్యేశాడు కానీ ఎప్పుడూ చెప్పే మాట సగంలోనే మింగేశాడు. టీ మాత్రం తాగాం.

తరవాత కేసు సంగతి. కార్మికుల కేసులు చూసే ఒక లాయరమ్మ ఉండేది. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు, ఎప్పుడూ తొందరగా తినే అలవాటు. ఆమె పట్టుబట్టి రుద్దుడు షెడ్డులో పనిచేసి మానేసిన వాళ్ళందరికీ ఛాతీ ఫొటోలు తీయించింది. పెద్దాసుపత్రి డాక్టరు ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూసి, "ఇది రాతిపొడి. ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇక బయటికి రాదు" అని తేల్చి చెప్పాడు. అప్పుడు యూనియన్ కేసు వేసింది, అందరి తరఫునా ఒక్కటే. అడిగింది రెండే: జబ్బుపడిన వాళ్ళకి బతికినన్నాళ్ళూ కంపెనీయే వైద్యం చేయించాలి, షెడ్డులో పొడి పీల్చే యంత్రాలు పెట్టాలి. వైద్యం అంటే సెక్రెటరీ చెల్లెలికి ముందుగా కావాల్సింది గాలి. ఆసుపత్రిలో ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెడితే మనిషి కాస్త తేరుకుని కబుర్లు మొదలుపెట్టేది, ఇంటికొస్తే మళ్ళీ గోడకి ఆనుకునేది. అలా గాలినిచ్చే యంత్రం ఒకటి ఇంట్లో ఉంటే తను ఇంకొన్నేళ్ళు అందరినీ తిట్టుకుంటూ బతుకుతానని తనే అనేది.

అచ్చుల మేస్త్రికి కూడా జబ్బే. ఆయన ఏళ్ళ తరబడి రుద్దుడు షెడ్డులో చేశాకే అచ్చులకి మారాడు. కేసుకి ముందే పని మానేసి కొడుకుని కూర్చోబెట్టాడు. ఆయన తన తరఫున విడిగా కోర్టుకి వెళ్ళాలనుకున్నాడు. సెక్రెటరీ ఆయన ఇంటికి వెళ్ళి, పక్కన కూర్చుని నచ్చజెప్పాడు. "ఒక్కడివీ వెళితే నిన్ను తిప్పించి తిప్పించి చంపుతారు. నీ వెనక యూనియన్ ఉండగా నీకెందుకు ఆ ఖర్మ?" మేస్త్రి సరేనన్నాడు. అలా ఇంకొందరు కూడా ఆగిపోయారు. తప్పేముంది, నేనైనా అదే చెప్పేదాన్ని. విడివిడిగా పోతే ఏమవుతుందో మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

కేసు ఏళ్ళ తరబడి సాగింది. చివరికి సాక్ష్యాల రోజు వచ్చింది. సెక్రెటరీ చెల్లెల్ని నేనూ ఆయనా చెరో వైపు పట్టుకుని కోర్టు మెట్లెక్కించాం. కొత్త చీర కట్టుకుంది. "మొహానికి పౌడరు రాయనా?" అని నేనడిగితే, "జీవితమంతా రాసుకున్నాను కదే, ఇంకా చాలదా!" అంది. మెట్ల మీదే ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

కంపెనీ లాయరు చాలా మర్యాదస్తుడు. అరుస్తాడనుకున్నాం. అరవలేదు.

"అమ్మా, నిలబడకండి, కూర్చుని చెప్పండి" అని కుర్చీ వేయించాడు. "మీరు యూనియన్ మెంబరా?"

"అవునండీ. అంటే... ఇప్పుడు మా అమ్మాయండీ. నా చోటు దానికిచ్చాను."

"ఎప్పుడిచ్చారమ్మా?"

"పని మానేసిన నాడేనండీ. నేను బల్ల మీంచి లేచాను, దాన్ని కూర్చోబెట్టాను. మా పద్ధతి అదండీ. మా అన్నయ్యే పెట్టాడు." చెబుతూ సెక్రెటరీ వైపు చూసింది. ఆ చూపులో ఎంత గర్వమో.

"చాలా మంచి పద్ధతి" అన్నాడు లాయరు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అన్నట్టు అన్నాడు. "పని మానేసిన వాళ్ళందరూ అలాగే ఇచ్చేశారా?"

"అందరూ అంతేనండీ. మాలో ఎవరూ మాట తప్పరు."

"మరి మీ అమ్మాయికి ఈ జబ్బేమైనా ఉందా?"

ఆవిడకి కోపం ముంచుకొచ్చింది. "శుభమా అని దానికెందుకండీ జబ్బు! నిక్షేపంలా ఉంది నా బిడ్డ."

"సంతోషం అమ్మా. ఇక వెళ్ళండి, జాగ్రత్తగా దిగండి" అన్నాడు. లాయరమ్మ మొహం చూశాను. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, బల్ల మీదికి తల వంచేసింది. నాకింకా విషయం అర్థం కాలేదు.

తీర్పు వచ్చిన రోజు కోర్టు వరండాలో లాయరమ్మ మాకు విడమరిచి చెప్పింది. యూనియన్ కేసు వెయ్యాలంటే అది తన మెంబర్లకి తగిలిన సంగతై ఉండాలి. ఆ మెంబర్లలో కనీసం ఒక్కరికైనా ఆ నష్టం జరిగి ఉండాలి. ఇక్కడ జబ్బున్నవాళ్ళు మెంబర్లు కారు, మెంబర్లకి జబ్బు లేదు. కాబట్టి ఈ కేసు వేసే హక్కే యూనియన్‌కి లేదు. పొడి వల్ల జబ్బొచ్చిందా లేదా అన్న సంగతి జడ్జి గారు ముట్టుకోనైనా ముట్టుకోలేదు.

"ఇల్లంతా కలిపి ఒకటే కదమ్మా మెంబరు. తల్లి అయితేనేం, కూతురైతేనేం?" అన్నాడు సెక్రెటరీ.

"మీకు ఒకటే. కోర్టుకి కాదు."

"మళ్ళీ వాళ్ళందరినీ చేర్చుకుంటే?"

"కేసు వేసిన రోజుకే మెంబర్లుగా ఉండాలి. పైగా పనిలో లేనివాళ్ళని మెంబర్లుగా చేర్చుకోవడానికి చట్టం ఒప్పుకోదు."

"పోనీ ఎవరికి వాళ్ళు వేసుకోవచ్చు కదా, మేస్త్రి అన్నట్టు?"

లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. పని మానేసినప్పటి నుంచి కొంత గడువు ఉంటుందట, ఆ లోపలే విడిగా వెయ్యాలట. యూనియన్ కేసు సాగుతుండగానే ఆ గడువు దాదాపు అందరికీ దాటిపోయింది. ఈ పద్ధతి సంగతి తనకి ముందే చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్నని కూడా అంది. చెప్పాలని మాకెలా తెలుస్తుంది? మాకది కేసుకి సంబంధించిన విషయమే కాదు. ఇంట్లో ఎవరి పీట మీద ఎవరు కూర్చుంటారో లాయరుకి చెబుతామా?

ఊళ్ళో అందరూ ఆయన్ని తిట్టిపోస్తారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మేస్త్రి దగ్గుకుంటూ యూనియన్ ఆఫీసు దాకా నడిచొచ్చి, "పోనీలే సెక్రెటరీ, నువ్వు మాత్రం కలగన్నావా" అని ఆయన చెయ్యి నొక్కి వెళ్ళిపోయాడు. సెక్రెటరీ టేబులు మీద తల వాల్చాడు. నేను కెటిలు వెచ్చబెట్టి గ్లాసు ఎదురుగా పెట్టాను. చల్లారిపోయాక పారబోశాను.

చెల్లెలు ఆ తరవాత ఎన్నాళ్ళో ఉండలేదు. పడుకుంటే ఊపిరాడక, మంచం మీద దిండ్లు పేర్చుకుని కూర్చునే ఉండేది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు సెక్రెటరీ విసనకర్రతో విసురుతున్నాడు. ఆ గాలి ఆమెకి ఎందుకూ పనికిరాదని ఆయనకీ తెలుసు.

"అన్నయ్యా, కోర్టులో నేను తప్పు చెప్పానా?" అంది, మాట మాటకీ ఆగుతూ.

"లేదమ్మా. నిజమే చెప్పావు."

"మరి కేసు ఎందుకు పోయింది?"

ఆయన విసురుతూనే ఉన్నాడు. ఆమెకి నిజం చెప్పే మనిషి ఆ గదిలో ఎవరూ లేరు, నాతో సహా. మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో అందరూ పనుల్లో ఉండగా పోయింది. కూతురికి కబురందేసరికి షిఫ్టు ముగిసింది. కనురెప్పల మీద పొడితోనే వచ్చి తల్లి కాళ్ళు పట్టుకుంది. కంపెనీ వాళ్ళు మాత్రం చేతులు దులుపుకున్నారు, వాళ్ళ దగ్గర ఎప్పుడో పని మానేసిన మనిషి కదా అని.

అప్పట్నుంచి సెక్రెటరీ ఆ బల్ల మీద కూర్చోవడం మానేశాడు. మీటింగయినా గుమ్మం దగ్గర నిలబడే నడిపించేవాడు. చోట్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి రద్దు చేస్తూ తీర్మానం కూడా పెట్టాడు. అది రద్దయినా మాకు ఒరిగిందేమీ లేదు. జబ్బుపడి పని మానేసిన మనిషి ఎలాగూ మెంబరుగా ఉండే వీలు లేదు. మేనకోడల్ని పని మానెయ్యమని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఫొటో స్టూడియో ఎప్పుడో మూసేశారు. "మానేసి ఎక్కడికెళ్ళను మావయ్యా?" అనేది. తల్లిలా గలగలా మాట్లాడే పిల్ల కాదు, మేనమామ పోలిక. రోజూ పొద్దున్నే గుడ్డ తడిపి, పిండి, ముక్కుకి కట్టుకుని షెడ్డులోకి వెళ్ళేది.

ఒకరోజు ప్యాకింగులో నా దగ్గరికి వచ్చింది. చేతిలో పెద్ద కవరు. "అత్తా, మావయ్య ఆఫీసులో ఉన్నాడా?" అని అడిగింది. ఆ కవరు సైజు చూసి నాకు అర్థమైంది. అలాంటి కవర్లు మా వీధుల్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. పని వదిలేసి ఆమె వెంట నడిచాను.

సెక్రెటరీ గుమ్మం దగ్గరే ఉన్నాడు. పిల్ల ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్ళి, తల్లి కూర్చోబెట్టిన చోటే బల్ల మీద కూర్చుంది. ఆయన కవర్లోంచి ఛాతీ ఫొటో పైకి లాగి కిటికీ వెలుగుకి ఎత్తాడు. ఆయనకి డాక్టరు అవసరం లేదు. అలాంటివి చూసీ చూసీ కళ్ళకి అలవాటైపోయింది. చెయ్యి దించలేదు. అలా ఎత్తి పట్టుకునే నిలబడ్డాడు.

"కంపెనీ పర్సనెల్ ఆఫీసరుకి ఎలా తెలిసిందో, పొద్దున్నే పిలిచాడు మావయ్యా" అంది. "ఎంత బాగా మాట్లాడాడో. ఒంట్లో బాలేదటగా, రాజీనామా ఇచ్చెయ్యమ్మా, మీ ఇంట్లో ఇంకెవరున్నా రేపే తీసుకుంటాం అన్నాడు. మీ పద్ధతి ఉందిగా, బల్ల మీద కూర్చోబెట్టేది, అదేం మానుకోకండి, అది చాలా మంచిదన్నాడు."

నా ఒళ్ళు మండిపోయింది. మా కన్నీళ్ళతో పెట్టుకున్న పద్ధతి వాళ్ళకి ఇప్పుడు ముద్దొస్తోంది. ఎవరు జబ్బుపడితే వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మెంబరు కాకుండా పోతారు, ఇంతకంటే హాయి ఏముంటుంది?

సెక్రెటరీ ఫొటో దించి, మేనకోడలి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "లేమ్మా. నీకు దణ్ణం పెడతాను, లేచి ఇంటికి పద. నేనుండగా నీకు తిండికి లోటు రాదు."

"నేను మానేస్తే నేనూ అమ్మలాగే అయిపోతాను కదా? మెంబర్ని కాను కదా?"

ఆయన ఫొటోని తిరిగి కవర్లో దోపాడు.

"లాయరమ్మని అడిగాను" అంది పిల్ల. "మెంబరు ఒక్కరికి జబ్బున్నా చాలట, యూనియన్ మళ్ళీ వెయ్యొచ్చట. అందరి తరఫునా. అలా ఒకసారి తలుపు తెరుచుకుంటే మేస్త్రి మావయ్య వైద్యం కూడా అందులోనే అడగొచ్చట. మెంబరుగా ఉండాలంటే పనిలో ఉండాలట. ఇప్పుడు నాకు రెండూ ఉన్నాయి."

"ఇంకో చోటుకి మార్పిస్తాను నిన్ను. ప్యాకింగులోకి..."

"అడిగాను. ఒప్పందం ప్రకారం ఖాళీ అయిన చోటులోనే అన్నారు."

ఆయన తల ఆమె ఒళ్ళో పెట్టి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, మేనేజరు ముందు బట్టీ ఆపించిన మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నిన్ను ఇక్కడ కూర్చోబెట్టింది నేనేనమ్మా, నేనే కూర్చోబెట్టాను" అంటూనే ఉన్నాడు. పిల్ల ఆయన జుట్టులో బూడిద దులుపుతూ, "ఇప్పుడు నువ్వు లేవమన్నా లేవను మావయ్యా" అంది. అప్పుడే సైరను కూసింది. గుడ్డ ముక్కుకి కట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

కేసు మళ్ళీ వేశాం. కాగితాల మీద యూనియన్ తరఫున సెక్రెటరీ సంతకం పెట్టాలి. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. లాయరమ్మ తొందర పెట్టలేదు. వదిన కూడా ఆ రోజు కోర్టుకి వచ్చింది. దెప్పలేదు. ఆయన పక్కన నిలబడి, "పెట్టండి" అంది మెల్లగా.

మొదటి వాయిదాకి నేనూ వెళ్ళాను. మేస్త్రి వచ్చాడు, ఆయన్ని కొడుకు ఎత్తుకుని మెట్లెక్కించాడు. అదే కంపెనీ లాయరు, అదే మర్యాద. యూనియన్‌కి ఈ కేసు వేసే హక్కు లేదని కిందటిసారే తేలిపోయిందని ఆయన వినయంగా గుర్తుచేశాడు. జడ్జి గారు కాగితాలు తిరగేసి తలెత్తారు.

"ఈసారి మీ మెంబర్లలో జబ్బున్నవాళ్ళు ఉన్నారా?"

"ఉన్నారండీ" అంది లాయరమ్మ. "ఒకరు."

"ఇప్పుడు కూడా మెంబరేనా? పనిలోనే ఉన్నారా?"

"ఉన్నారండీ."

జడ్జి గారు బల్లల మీద కూర్చున్న మావైపు, వరస వెంట వరస చూశారు. "ఆవిడ వచ్చారా?"

లాయరమ్మ సెక్రెటరీ వైపు తిరిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని అన్నాడు.

"రాలేదండీ. ఒక్కరోజు మానేసినా పేరు కొట్టేస్తారు. డ్యూటీలో ఉంది."